ఫెయిర్‌ఫర్డ్ చర్చికి ఒక రోజు ఇవ్వండి

ఇంగ్లండ్‌లో కాట్స్‌వోల్డ్స్ అనే కొండల పల్లెసీమ చూడబోయే మనవాళ్లు ఎక్కువగా బైబరీ ఊరి రాతి ఇళ్ల ముందు ఫోటోలు దిగి వెనక్కి వచ్చేస్తారు. కారులో పావుగంట దూరంలో ఉన్న ఫెయిర్‌ఫర్డ్‌లో ఆగరు. నన్నడిగితే బైబరీకి అరగంట చాలు, మిగతా రోజంతా ఫెయిర్‌ఫర్డ్ సెయింట్ మేరీస్ చర్చిదే.

ఉన్ని వ్యాపారంలో బాగా గడించిన జాన్ టేమ్ 15వ శతాబ్దం చివర్లో పాత చర్చి స్థానంలో దీన్ని కట్టించడం మొదలుపెట్టాడు. 1500లో ఆయన పోయాక కొడుకు ఎడ్మండ్ పూర్తి చేశాడు. ఆనాటి రంగు గాజు కిటికీలు 28 ఉన్నాయి. ఆ కాలపు కిటికీలు ఇంత పూర్తిగా మిగిలిన పారిష్ చర్చి (ఊరివాళ్ల చర్చి) ఇంగ్లండ్‌లో మరొకటి లేదు. హవ్వ పండు కోసే ఘట్టంతో కిటికీల్లోని బైబిల్ కథ మొదలై, పడమటి గోడ మీద అంత్య తీర్పుతో ముగుస్తుంది. తూర్పున ఉన్న సిలువ ఘట్టాన్ని ఉదయం చూడాలి. తీర్పు కిటికీ కోసం మాత్రం పొద్దు వాలేదాకా ఉండండి, ఆ ఎర్రటి నరకం అప్పుడే రగులుతుంది. పై వరస కిటికీల్లోని దయ్యాలు కనబడాలంటే బైనాక్యులర్స్ తప్పనిసరి.

ఈ గాజు దానంతటదే మిగల్లేదు. 1703 తుఫానుకు పడమటి కిటికీ దెబ్బతింది. దాని పైభాగం 19వ శతాబ్దంలో మళ్లీ చేసినదని రంగులు చూస్తేనే తెలిసిపోతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో అద్దాలన్నీ విప్పి దాచారు. 1980ల నుంచి 2010 దాకా ఒక్కో కిటికీనీ దించి శుభ్రం చేసి, బయటివైపు వానకూ చెమ్మకూ అడ్డుగా మామూలు గాజు బిగించారు. అక్కడ పారిష్ చర్చి బాగోగులు ఆ ఊరివాళ్ల బాధ్యతే. అయిదేళ్లకోసారి ఆర్కిటెక్ట్ వచ్చి పైకప్పు నుంచి పునాది దాకా పరీక్షిస్తారు, మరమ్మతుల డబ్బు వీళ్లే పోగుచేసుకోవాలి. ప్రవేశ రుసుము లేదు కాబట్టి కానుక పెట్టెలో ధారాళంగా వేయండి. మేం వెళ్లినప్పుడు పూలు సర్దుతున్న పెద్దావిడ పని ఆపి మరీ, మడత సీట్ల కింది చెక్కడాలు చూపించారు. పిల్లలకైతే ఆవరణలో టిడిల్స్ అనే చర్చి పిల్లి (1963–1980) సమాధి రాయి చూపించండి.

ఫెయిర్‌ఫర్డ్‌లో బస తక్కువ, దగ్గర్లోని సైరెన్‌సెస్టర్ పట్టణం నయం. అక్కడ మా గది ఇరుకే గానీ శుభ్రంగా ఉంది, పొద్దున్నే వేడి టిఫినూ దొరికింది. ఫెయిర్‌ఫర్డ్‌కు రైలు లేదు, స్విండన్‌లో దిగితే అక్కణ్నుంచి కారు మేలు. జులైలో పక్కనే ఎయిర్ షో జరిగే రోజుల్లో గదులు దొరకడం కష్టం. ఆదివారం ఉదయం ఆరాధన ఉంటుంది, చూడటానికి మధ్యాహ్నం వెళ్లండి.