మూడు యుద్ధాలూ మా ఊరివే, వరసే తప్పింది: ఏడాది ప్యాకేజీ తిరిగొచ్చాక

మాది విజయనగరం. హైస్కూల్లో ముప్పై ఏళ్లు సోషల్ చెప్పి రిటైరయ్యాను. మావారు ఆర్మీ సిగ్నల్స్‌లో చేసి వచ్చారు. కాశీ, షిర్డీ అన్నీ అయిపోయాయి, ఇక ఎక్కడికి అనుకుంటుంటే, విశాఖలో ఒక చిన్న ట్రావెల్స్ వాళ్లు ఏడాదికి ఆరు యుద్ధభూములు చూపిస్తున్నారని మా అబ్బాయి చెప్పాడు. ఇద్దరికీ కలిపి లక్షా నలభై వేలు, మూడు వాయిదాలు, లేహ్ విమానం టికెట్లు మన ఖర్చే. కట్టేశాం. డిసెంబరుతో ఆరూ అయ్యాయి కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను. పేరు మాత్రం రాయను. కుర్రాళ్లు మంచివాళ్లే, వాళ్ల పొట్ట కొట్టడం నాకిష్టం లేదు.

వీళ్ల పద్ధతి ఏమిటంటే, ఏ యుద్ధం ఏ నెలలో జరిగితే ఆ నెలలోనే అక్కడికి తీసుకెళ్తారు. వినడానికి బాగుంటుంది. తళ్లికోట 1565 జనవరి 23, బొబ్బిలి 1757 జనవరి 24. రెండూ పక్కపక్క రోజులే కావడంతో మొదట్లోనే ఇబ్బంది వచ్చి తళ్లికోటని ఫిబ్రవరికి నెట్టారు. ఆ ఒక్కటీ మార్చినప్పుడే మిగతావి కూడా మార్చొచ్చని వాళ్లకి తట్టి ఉండాల్సింది.

బొబ్బిలి జనవరి 24నే వెళ్లాం. విజయనగరం వాళ్లం బొబ్బిలిలో కాస్త నెమ్మదిగా మాట్లాడాలని మావారు బస్సులోనే హెచ్చరించారు. స్మారక స్తంభం దగ్గర దింపారు. పాత కోట ఇప్పుడు లేదు. అంటే అక్కడ చూడ్డానికేమీ లేదు, చెప్పేవాడే దిక్కు. మా గైడు నలభై నిమిషాలు సినిమా డైలాగులు చెప్పాడు. బొబ్బిలి సేనాని తాండ్ర పాపారాయుడు మీసం మెలేసిన తీరు కూడా చేసి చూపించాడు, అందరూ చప్పట్లు కొట్టారు. ఫ్రెంచి సేనాని బుస్సీకి బొబ్బిలిలో ఏం పని అని ఒకమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న. గైడు నీళ్లు నమిలాడు. నేనే చెప్పాల్సి వచ్చింది. నిజాం 1753లో ఉత్తర సర్కారుల్ని ఫ్రెంచివాళ్లకి రాసిచ్చాడు, బుస్సీ కప్పం వసూలుకి వచ్చాడు, మా విజయరామరాజు తన పాత పగ తీర్చుకోవడానికి ఆయన ఫిరంగుల్ని వాడుకున్నాడు. పొద్దున మొదలైన యుద్ధం ఆ రోజుతోనే ముగిసింది. కోటలోని ఆడవాళ్లని, పిల్లల్ని పరాయివాళ్ల చేతిలో పడకుండా సొంతవాళ్లే చంపుకున్నారు. మూడో రాత్రి పాపారాయుడు గుడారంలో దూరి మా రాజుని పొడిచి చంపాడు. చెప్పేసరికి నా గొంతే కొంచెం వణికింది. ఆ అమ్మాయి "మీరే గైడా ఆంటీ?" అంది. టిక్కెట్టు డబ్బులు తిరిగి అడగాల్సింది, మొహమాటపడ్డాను.

తళ్లికోట అంటారు గానీ, చూపించేది కృష్ణ ఒడ్డున రక్కసగి, తంగడగి ఊళ్ల మధ్య పొలం. జొన్న చేను, శనగ చేను, అంతే. విజయనగర సామ్రాజ్యాన్ని ఏలిన అళియ రామరాయలు ఎనభై ఏళ్ల వయసులో పడిపోయిన యుద్ధం ఇక్కడ జరిగిందంటే నమ్మబుద్ధి కాదు. మాతో వచ్చిన ఒకాయన "మీ ఊరి రాజుగారే కదండీ" అన్నారు నాతో. పేరొకటే గానీ, ఆ విజయనగరం వేరు, మాది వేరు అని చెప్పేసరికి ఆయన ముఖం చిన్నబోయింది. ఆ సాయంత్రం బీజాపూర్‌లో మాలిక్-ఎ-మైదాన్ ఫిరంగి చూపించారు. దాని నోటి దగ్గర సింహం, దాని కోరల మధ్య ఏనుగు చెక్కి ఉంటాయి. జొన్నరొట్టె, వంకాయ కూర, వెల్లుల్లి కారం పెట్టించారు, ఆ భోజనానికి పూర్తి మార్కులు.

జులైలో పద్మనాభం. మా ఇంటి నుంచి ఆటోలో వెళ్లే దూరానికి విశాఖ వెళ్లి బస్సెక్కి రావాలట! నియమం అంటే నియమమే. పైగా జులై 10, చిత్తడి, కొండ మెట్లు వెయ్యికి పైనే. మావారి మోకాళ్లతో మెట్లు కుదరవు కాబట్టి కిందే కుంతీమాధవస్వామి గుడి దగ్గర కూర్చున్నాం. 1794లో ఇక్కడ చనిపోయిన చిన విజయరామరాజుని, పేష్కష్ (కప్పం) బాకీ పడ్డాడని ఈస్టిండియా కంపెనీవాళ్లు నెలకి 1,200 రూపాయల భత్యం మీద బందరు వెళ్లి ఉండమన్నారు. ఆయన వెళ్లలేదు, పద్మనాభం వచ్చాడు. గంటలోపే అంతా అయిపోయింది. గైడు ఇదంతా చక్కగానే చెప్పాడు. కానీ కంపెనీవాళ్లు మా దేశంలోకి అసలెలా వచ్చారని అడిగితే "అది డిసెంబరు ట్రిప్పులో వస్తుంది మేడమ్" అన్నాడు.

నా కోపమంతా ఇక్కడే. బొబ్బిలి, పద్మనాభం, డిసెంబరులో చూపించిన చందుర్తి, ఈ మూడూ ఒకే కథ. 1757లో బొబ్బిలిలో విజయరామరాజు పోయాడు. ఆయన వారసుడు ఆనందరాజుకి ఫ్రెంచివాళ్లతో చెడింది, ఇంగ్లీషువాళ్లని పిలిచాడు. క్లైవు బెంగాల్ నుంచి కల్నల్ ఫోర్డుని పంపాడు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్లు ఓడారు. 1794లో ఆ కంపెనీయే విజయనగరం రాజుని పద్మనాభంలో చంపింది. పిలిచినవాడి ఇంటికే ఎసరు. ముప్పై ఏడేళ్ల కథలో మొదలు, చివర చూపించి, మధ్యలోది అయిదు నెలల తర్వాత చూపిస్తే ఎవరికి అర్థమవుతుంది? మా ఎనిమిదో తరగతి పిల్లలకి ఇలా చెప్పి ఉంటే హెడ్మాస్టరు గారు పిలిచి అడిగేవారు.

అదే నెలాఖరున ద్రాస్, కార్గిల్ యుద్ధ స్మారకం ఉన్న చోటు. ఒక్క రాత్రి లేహ్‌లో ఉంచి మర్నాడే కార్గిల్ వైపు బయల్దేరదీశారు. లేహ్ ఎత్తు మూడున్నర వేల మీటర్లు, విమానం దిగాక రెండు రోజులు కదలకూడదని మావారు ముందే ఫోనులో చెప్పారు. "ఏం కాదు సార్" అన్నారు. ఏమైంది? మా బస్సులో నలుగురికి వాంతులు, మావారికి తలపోటు. రెండు మార్కులు దీనికే తీసేశాను. స్మారకం దగ్గర మాత్రం ఎవరూ మాట్లాడలేదు. గులాబీ రంగు రాతి గోడ మీద పేర్లు, వెనకే టోలోలింగ్ కొండ. హైదరాబాద్ మేజర్ పద్మపాణి ఆచార్య పేరు కోసం మావారు వరసలన్నీ వెతికారు. దొరికాక ఆ పేరు మీద వేలు పెట్టి, సెల్యూట్ చేసి వచ్చి బస్సులో కూర్చున్నారు. తలపోటు గురించి మళ్లీ ఎత్తలేదు.

సెప్టెంబరులో గోల్కొండ అందరూ చూసిందే, వదిలేస్తున్నాను.

డిసెంబరులో విశాఖ. నేవీ డే జనంలో కుర్సురా సబ్‌మెరీన్ ఎక్కడానికి గంటన్నర నిలబడ్డాం. మామూలు రోజు వెళ్లండి, సోమవారం మాత్రం వద్దు. లోపల చూపించేవాళ్లు నేవీలో చేసి రిటైరైనవాళ్లు, అడిగినదానికి జవాబు చెబుతారు. గది గదికీ గుండ్రటి కన్నంలో వంగి దూరాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఎదురుగా ఉన్న టీయూ-142 విమానంతో సరిపెట్టుకోవచ్చు.

మర్నాడు చందుర్తి. గొల్లప్రోలు దగ్గర. స్తంభం లేదు, బోర్డు లేదు. "ఇక్కడేముందండీ, చేలే కదండీ, ఆయ్" అన్నాడు గట్టు మీద రైతు. ఈసారి గైడు వేరే కుర్రాడు, చరిత్రలో ఎం.ఏ. సంచీలోంచి పది ఎర్ర తువ్వాళ్లు తీశాడు. మాలో పదిమందికి కప్పి గట్టు మీద నిలబెట్టాడు. మిగతావాళ్లని చెరుకు తోట వెనక దాచాడు. "మీరు ఫ్రెంచివాళ్లు సార్" అని మావారిని రోడ్డు మీద ఉంచి, "ఇంగ్లీషు పటాలం ఎక్కడుంది?" అని అడిగాడు. మావారు ఎర్ర తువ్వాళ్లని చూపించారు. "అదే పొరపాటు సార్. ఎర్ర కోట్లేసుకున్నది తెల్లవాళ్లు కాదు, కంపెనీలో చేరిన మన సిపాయిలు. అసలు పటాలం ఎత్తుగా ఎదిగిన చేను వెనకుంది" అని ఈల వేశాడు. చెరుకు పక్కనించి మావాళ్లంతా నవ్వుతూ బయటికొచ్చేశారు. ఆ యుద్ధం పుస్తకంలో ఎన్నిసార్లు చదివానో, అక్కడ ఆ గట్టు మీద నిలబడ్డాకే నాకు కళ్లకి కట్టింది. ఒళ్లంతా చెరుకు ఆకు గీరుకుపోయినా ఎవరూ గొణగలేదు.

మొత్తానికి అయిదుకి మూడు. బస్సు శుభ్రం, భోజనం బాగు, డబ్బు దగ్గర మోసం లేదు. చేరేవాళ్లు ముందే రెండు విషయాలు అడగండి: లేహ్‌లో ఎన్ని రాత్రులు, చందుర్తి కుర్రాడు ఏయే ట్రిప్పులకి వస్తాడు.

వచ్చే ఏడాది పట్టిక నిన్ననే పంపారు. చందుర్తి తర్వాత ఫోర్డు పట్టుకున్న బందరు కోట కూడా అందులో ఉంది. 1759 ఏప్రిల్లో పట్టుకున్నాడు కాబట్టి ట్రిప్పూ ఏప్రిల్లోనేనట. ఏప్రిల్ ఎండలో బందరు! దాన్ని జనవరికి జరిపి, బొబ్బిలి, చందుర్తి, బందరు, పద్మనాభం వరసగా ఒకే వారంలో పెట్టమని మెసేజ్ పెట్టాను. చూశారు, జవాబు ఇంకా రాలేదు.