సొంతంగా కుట్టుకున్న తోలు స్పోరాన్: ఏళ్ళ వాడకం తర్వాత

స్కాట్లాండ్ మగవాళ్ళు కట్టుకునే ఉన్ని పావడా లాంటి కిల్ట్‌కు జేబులుండవు. ఫోను, తాళాలు, డబ్బులు అన్నీ నడుము ముందు వేలాడే స్పోరాన్ అనే సంచిలోకే వెళ్ళాలి. గుర్రపు వెంట్రుకల కుచ్చుతో చేసేది బ్యాగ్‌పైప్ వాద్యం వాయించే పైపర్లకు, బొచ్చుతోలుది విందులకు. కొత్తగా కుట్టేవాళ్ళు రోజూ వాడే సాదా తోలు స్పోరాన్‌తో మొదలుపెట్టడం మంచిది. వాడగా వాడగా తేలిందేమిటంటే, అందరి కళ్ళూ మూత మీది నగిషీ మీద పడతాయి గానీ, సంచి ఎన్నాళ్ళుంటుందో తేల్చేవి ముందు, వెనక ముక్కలను కలిపే పక్కపట్టీ, వెనక ముక్క.

ముందుకీ వెనక్కీ చెట్టు బెరడుతో పదును చేసిన 2 నుంచి 2.5 మి.మీ. ఆవుతోలు సరిపోతుంది. వెనక ముక్కే పైకి సాగి మూతగా మడతపడేలా కోస్తే ఒక కుట్టు తగ్గుతుంది. సంచికి 18 సెం.మీ. వెడల్పు, 20 సెం.మీ. ఎత్తు చాలు.

పక్కపట్టీ మాత్రం 1.5 మి.మీ. దాటకూడదు. అంతకన్నా మందమైతే కింది మూలల్లో తిరగక ముడతలు పడుతుంది, పగుళ్ళు మొదలయ్యేదీ అక్కడే. 6 సెం.మీ. పట్టీని రెండంచులా 1 సెం.మీ. చొప్పున మడిస్తే 4 సెం.మీ. లోతు వస్తుంది. దాని పొడవును కుట్టుగీత వెంట దారం పరిచి కొలవాలి. 3 సెం.మీ. ఎక్కువే ఉంచి, కుట్టాక కత్తిరించుకోవచ్చు. కుట్టు కింది మధ్యలో మొదలై రెండు వైపులా పైకి రావాలి. పై మూల నుంచి మొదలుపెడితే తోలు కొంచెం కొంచెంగా సాగి, అవతలి మూలకు చేరేసరికి రంధ్రాలు కలవవు, సంచి మెలి తిరుగుతుంది. తోలులో పడ్డ రంధ్రం మళ్ళీ పూడదు కాబట్టి ముందు అట్టతో నమూనా చేసుకోవాల్సిందే.

అంచుకు 4 మి.మీ. లోపల, 4 మి.మీ.కొకటి చొప్పున రంధ్రాలు. 0.8 మి.మీ. మైనం దారం, కుట్టే పొడవుకు నాలుగు రెట్లు. ఒకే దారానికి రెండు కొసలా సూదులు ఎక్కించి, ప్రతి రంధ్రంలో రెండూ ఎదురెదురుగా దాటించాలి. ఒకచోట దారం తెగినా మిగతా కుట్టు వెంటనే ఊడిపోదు. చివర మూడు రంధ్రాలు వెనక్కి కుట్టాలి.

రంగు విషయంలో జాగ్రత్త. వానలో తడిసిన నల్లరంగు కిల్ట్ ముందుభాగానికి అంటుకుంటే ఉన్ని నుంచి వదలడం చాలా కష్టం. వెనక ముక్కకు రంగే వేయకుండా ఉంచడం మేలు. ముందు ముక్కను పొడిగుడ్డకు రంగు అంటనంత వరకు రుద్దాకే పైపూత.

మూత గుండీ రంధ్రాన్ని బిగువుగానే గుచ్చాలి, వాడకంలో అదే వదులవుతుంది. స్పోరాన్‌ను నడుముకు కట్టే గొలుసు తుంటి దగ్గర కిల్ట్ ఉన్నిని అరగదీస్తుంది. అందుకే పూర్తిగా తోలుతో చేసిన నడికట్టునే వాడమంటాను. స్పోరాన్ పైఅంచు బెల్టు బకిల్‌కు నాలుగు వేళ్ళ కిందకు వచ్చేలా దాన్ని బిగించుకోవాలి.