ట్రైపాడ్ కొనేవాళ్ళు జాగ్రత్త, డబ్బా మీద రాసిన కేజీలు నమ్మి డబ్బులు పోసేయకండి

శ్రీకాకుళం, టెక్కలి, పలాస వైపు పక్షుల ఫొటోలు తీసే అన్నలూ తమ్ముళ్ళూ, ట్రైపాడ్ (మూడు కాళ్ళ కెమెరా స్టాండు) కొనే ముందు ఇది చదవండి, నాకు జరిగింది ఇంకొకరికి జరక్కూడదని రాస్తున్నా.

డిసెంబర్‌లో టెక్కలి దగ్గర తేలినీలాపురం పక్షుల కేంద్రానికి వెళ్దామని శ్రీకాకుళంలో ఒక షాపులో 2,400 పెట్టి తీసుకున్నా. డబ్బా మీద 5 కేజీలు మోస్తుందని ఉంది, నా 150-600 పొడుగు లెన్సు కెమెరా బాడీతో కలిపి 2.7 కేజీలు, సరిపోద్ది కదా అనుకున్నా, షాపాయన కూడా "ఏటీ కాదండి, పెళ్ళి వీడియోలోళ్ళు ఇదే పట్టుకెళ్తన్నారు" అన్నాడు.

అక్కడ పెలికాన్లు, పెయింటెడ్ స్టార్కులు చింతచెట్ల మీద గూళ్ళు పెడతాయి కదా, లెన్సు ఎప్పుడూ పైకే తిప్పాలి. తిప్పి నాబ్ బిగించి చెయ్యి తీస్తే మెల్లగా వాలిపోతంది, ఎంత బిగించినా అంతే. ఎత్తు చాలక మధ్య రాడ్డు లేపితే చిన్న గాలికే స్క్రీన్‌లో గూడు మొత్తం ఊగిపోయింది. రెండు గంటలు అలా తంటాలు పడ్డాక కెమెరా కింద బిగించే ప్లేటుని పట్టుకునే ప్లాస్టిక్ లాక్ టక్కున విరిగింది, కెమెరా పక్కకి జారిపోయింది. స్ట్రాప్ చేతికి చుట్టుకుని ఉన్నాను కాబట్టి దక్కింది, లేకపోతే లక్ష దాటిన సామాను నేలపాలయ్యేది. నాకైతే ఇప్పటికీ ఆ సౌండ్ గుర్తొస్తే గుండె ఝల్లుమంటాది.

మర్నాడు షాపుకెళ్తే, వాడిన సరుకు వాపసు తీసుకోం, బిల్లు కింద రాసుంది చూసుకోండి అన్నారు. నిజంగానే ఉంది, చీమ తలకాయంత అక్షరాల్లో.

ఆ కేజీల లెక్క అన్ని కంపెనీలకీ ఒకటే కాదు, ఎవరికి నచ్చినట్టు వాళ్ళు రాసుకుంటారు. పైగా పొడుగు లెన్సు బరువు ముందుకి గుంజుతుంది, అందుకే మన సామాను బరువుకి రెండు మూడింతలు రాసున్నది చూసుకోవాలి, అది కూడా చేత్తో చూశాకే. మీ లెన్సు షాపుకి పట్టుకెళ్ళండి, మొహమాటం వద్దు. బాడీకి కాదు, లెన్సు చుట్టూ రింగులా ఉండే కాలర్‌కే ప్లేటు బిగించండి, పైకి వాల్చి లాక్ చేసి ఎదురు బిల్డింగ్ మీద ఏదో ఒక అక్షరం మధ్యలో పెట్టుకుని రెండు నిమిషాలు ఆగండి, ఆ అక్షరం కదిలిపోతే వదిలేసి వచ్చేయండి. మధ్య రాడ్డు లేపకుండానే మీ కంటి ఎత్తుకి రావాలి. లాక్ మెటల్‌ది ఉండాలి, హెడ్, అంటే కెమెరా కూర్చునే పైభాగం, విడిగా ఊడొచ్చేలా ఉండాలి, నాది కాళ్ళకే అతికి ఉంది, హెడ్ పోయింది కాబట్టి స్టాండు మొత్తం పోయినట్టే. కింది కాలు వేలంత సన్నగా ఉంటే అసలు ముట్టుకోవద్దు.

అంత డబ్బు ఇప్పుడు లేకపోతే చవకది కొనడం కన్నా గుడ్డసంచిలో బియ్యం పోసి గోడ మీద పెట్టి దాని మీద లెన్సు ఆనించండి, నేను ఇప్పుడు అదే చేస్తున్నా, ఫొటోలు ఆ స్టాండు కంటే షార్ప్‌గా వస్తున్నాయి.

జూన్‌లో ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచి ఊరికి ఓపెన్‌బిల్ కొంగలు వచ్చే లోపు మంచిది ఒకటి కొనాలి. గట్టి మెటల్ హెడ్ ఉన్న పాత ట్రైపాడ్ ఎవరి దగ్గరైనా అమ్మకానికి ఉంటే చెప్పండి, లెన్సు పట్టుకుని నేనే వచ్చి చూసుకుంటా.