స్కాట్లండ్‌లో ‘పూర్వీకుల టూర్’ కొంటున్నారా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి

“మీ ఇంటిపేరు చెప్పండి చాలు, మీ వంశం కోట చూపిస్తాం” అంటూ స్కాట్లండ్ టూర్ల ప్రకటనలు ఫేస్‌బుక్ నిండా తిరుగుతున్నాయి. అలాంటి ప్యాకేజీ ఒకటి కొని మేమిద్దరం వెళ్లొచ్చాం. కెనడాలో, అమెరికాలో స్కాటిష్ మూలాలున్న కుటుంబాల్లోకి కోడళ్లుగా, అల్లుళ్లుగా వెళ్లిన మనవాళ్లు ఉన్నారు. అత్తమామల పెళ్లిరోజుకి ఈ టూర్ బహుమతిగా ఇద్దామని ఇప్పటికే తెలిసినవాళ్లు కొందరు నన్ను అడిగారు. అందుకే రాస్తున్నాను. డబ్బు గొడవ ఇంకా తేలలేదు కాబట్టి కంపెనీ పేరు పెట్టడం లేదు.

మా ఆయనది కెనడాలోని నోవా స్కోషియా. ఇంటిపేరు మకాయ్. వాళ్ల ముత్తాతగారి తండ్రి సమాధి అక్కడే పిక్టౌ దగ్గర ఒక పల్లెలో ఉంది. స్కాట్లండ్ ఉత్తర కొసన సదర్లండ్‌షైర్‌లోని ఫార్ పారిష్‌లో (పారిష్ అంటే ఒక చర్చి కింద ఉండే ఊళ్ల పరిధి) పుట్టినవాడని రాయి మీద చెక్కారు. 1850లలోనే పోయాడు. ఆ రాయి ఫోటో, మా అత్తగారి దగ్గరున్న పాత బైబిల్ మొదటి పేజీలో రాసుకున్న పేర్లు, అన్నీ కంపెనీకి ముందే పంపాం. “మా పరిశోధకులు చూసుకుంటారు” అన్నారు. ప్యాకేజీలో వంశవృక్షం రిపోర్టు, గైడు, కారు, హోటళ్లు, ‘క్లాన్ సర్టిఫికెట్’ (క్లాన్ అంటే ఒక నాయకుడి కింద ఒకే ఇంటిపేరుతో ఉండే తెగ), గోడకి తగిలించే వంశ చిహ్నం, పైగా ఒక చదరపు అడుగు నేలతో ‘లెయిర్డ్’ (భూస్వామి) బిరుదు. మామూలు హైలండ్స్ (స్కాట్లండ్ ఉత్తరాన ఉన్న కొండప్రాంతం) టూర్‌కి రెట్టింపు పైనే ధర. ఆ తేడా అంతా పరిశోధనకే అన్నారు.

ముందు కలోడెన్ యుద్ధభూమికి తీసుకెళ్లారు. క్లాన్ల పేర్లు చెక్కిన రాళ్ల మధ్య నిలబెట్టి, “మీవాళ్లు యువరాజు చార్లీ కోసం ఇక్కడే ప్రాణాలిచ్చారు” అన్నాడు గైడు. మా ఆయన ముఖం చూడాలి అప్పుడు. బ్రిటన్ సింహాసనం కోసం చార్లీ తిరుగుబాటు చేస్తే, 1746 ఏప్రిల్ 16న ఆ యుద్ధం జరిగింది. మకాయ్‌లు ఆ తిరుగుబాటులో ప్రభుత్వం వైపు ఉన్నారు. అంతకుముందు మార్చిలో, ఉత్తర తీరంలో టంగ్ అనే ఊరి దగ్గర, చార్లీకి ఓడలో వచ్చిన బంగారాన్ని పట్టుకున్నదే వాళ్లు! ఇది ఎక్కడో దాగిన రహస్యమూ కాదు, మకాయ్‌ల చరిత్ర కాస్త చదివిన ఎవరికైనా తెలుస్తుంది.

అసలు ఒళ్లు మండింది డన్‌రాబిన్ కోట దగ్గర. “ఇదే మీ పూర్వీకుల కోట” అని మెట్ల మీద మా ఇద్దరినీ నిలబెట్టి ఫోటో తీశారు. అది సదర్లండ్ ప్రభువుల కోట. గొర్రెల మందల కోసం 1814లో, మళ్లీ 1819లో స్ట్రాత్‌నేవర్ లోయలోని రైతు కుటుంబాల్ని ఇళ్లకు నిప్పుపెట్టి మరీ వెళ్లగొట్టింది ఆ ఎస్టేటే. ఆ పని నడిపిన పాట్రిక్ సెల్లర్ మీద 1816లో ఇన్వర్‌నెస్‌లో విచారణ జరిగితే, నిర్దోషి అని వదిలేశారు. ఆ లోయలో చాలా భాగం ఫార్ పారిష్‌లోదే, అక్కడి జనంలో ఎక్కువమంది మకాయ్‌లే. సమాధి రాయి ఫోటోలో ఊరి పేరు కళ్లముందే ఉన్నా, గెంటేసినవాళ్ల గుమ్మంలో మమ్మల్ని నిలబెట్టి “మీ ఇల్లే” అంటే ఏమనాలి? ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు అన్నట్టు, వాళ్ల కంపెనీ పేరులో మాత్రం వంశమూ ఉంది, వారసత్వమూ ఉంది.

ఫార్‌కి తీసుకెళ్లమంటే ఐటినరీలో లేదన్నారు, అటువైపు ఒక్క బండే పట్టే సింగిల్ ట్రాక్ రోడ్డన్నారు. చివరికి మేమే కారు అద్దెకి తీసుకుని ఫార్‌లోనే ఉన్న బెట్టీహిల్ అనే ఊరికి వెళ్లాం. అక్కడి పాత చర్చిలోనే స్ట్రాత్‌నేవర్ మ్యూజియం ఉంది, అందులో మకాయ్‌లకి ఒక గదే కేటాయించారు. ఆ ఒక్క పూట తెలుసుకున్నదాంట్లో పావువంతు కూడా ఆ టూర్‌లో తెలియలేదు.

ఇక రిపోర్టు. రంగుల అట్ట, చిక్కటి కాగితం. లోపల మా పూర్వీకుడంటూ ఒక మకాయ్‌ని చూపించారు. పేరు కలిసింది, పుట్టిన ఏడాది దాదాపు కలిసింది. మా ఆయన అనుమానం వచ్చి చూస్తే, అదే మనిషి, అదే భార్య, అదే ఊరు, 1861 జనగణనలో హాయిగా ఫార్‌లోనే ఉన్నారు. అప్పటికి మావాడు పిక్టౌలో మట్టిలో కలిసిపోయాడు. మిగతా కొమ్మలు నెట్‌లో ఎవరెవరో పెట్టుకున్న వంశవృక్షాల నుంచి దించినవి. అందులో ఒకావిడకి తొమ్మిదేళ్లకే కొడుకు పుట్టాడు! రిపోర్టు మొత్తంలో ఒక్క రికార్డు నంబరు కూడా లేదు.

దీన్ని పట్టుకోవడానికి మా ఆయనకి అయిన ఖర్చు కొన్ని పౌండ్లు. స్కాట్లండ్స్‌పీపుల్ అని అక్కడి ప్రభుత్వ వెబ్‌సైటు ఉంది. పేర్లు వెతకడం ఉచితం, అసలు పత్రం చూడాలంటే కొద్దిగా క్రెడిట్లు కొనుక్కోవాలి. జనన మరణాలు, పెళ్లిళ్లు ప్రభుత్వం నమోదు చేయడం 1855లో మొదలైంది. అంతకు ముందువాటికి చర్చి రిజిస్టర్లే ఆధారం, వాటిలో ఖాళీలు చాలా ఉంటాయి. జనగణన పత్రాలు 1841 నుంచి పదేళ్లకోసారివి దొరుకుతాయి. ఇంకో సంగతి, అక్కడి పత్రాల్లో, సమాధుల మీద పెళ్లైన ఆడవాళ్ల పుట్టింటి పేరు కూడా రాస్తారు. ఒకే పేరున్న పదిమందిలో మనవాణ్ణి ఏరుకోవడానికి భార్య పుట్టింటి పేరే అసలు తాళం. మన దగ్గర మాత్రం ఇంటిపేరు ఒక్కటి కలిసిందని చుట్టరికం కలిపేస్తామా, ఊరేది, గోత్రమేది అని అడగమూ? అక్కడా అంతే. క్లాన్ నాయకుడి నేల మీద బతికినవాళ్లు రక్తసంబంధం లేకపోయినా అతని పేరు పెట్టుకున్న సందర్భాలు ఎన్నో.

ఆ అలంకారాల సంగతి కూడా చెప్పేస్తాను. స్కాట్లండ్ చట్టం ప్రకారం ‘ఇంటిపేరుకి చిహ్నం’ అనేదే లేదు. అది ఒక్కో వ్యక్తికి ఇచ్చేది, ఇచ్చే అధికారం ఎడిన్‌బరోలోని లార్డ్ లయన్ అనే అధికారిది. గోడకి తగిలించుకోమని మాకు అమ్మింది వేరే ఎవరిదో. లెయిర్డ్ బిరుదు అంతకన్నా డొల్ల. అలాంటి అడుగు ముక్కల్ని అక్కడి భూమి రిజిస్టర్‌లో నమోదే చేయరు, వాటివల్ల ఏ బిరుదూ రాదు. టార్టన్ (స్కాటిష్ గళ్ల) బట్ట మాత్రం నచ్చితే ఎవరైనా కొనుక్కోవచ్చు, సర్టిఫికెట్ అక్కర్లేదు. నేనూ ఒక శాలువా కొనుక్కున్నాను, బాగుంది.

డబ్బిచ్చి చేయించుకోవాలనుకుంటే పరిశోధన వేరు, టూర్ వేరుగా కొనండి. వంశ పరిశోధకులకి ఆస్గ్రా అని ఒక సంఘం ఉంది, అందులో సభ్యులా అని అడగండి. గైడుకి బ్లూ బ్యాడ్జ్ (శిక్షణ పొందిన గైడులకి ఇచ్చే గుర్తింపు) ఉందా అని అడగండి. “మా మనిషిని ఆ ఊరితో కలిపే పత్రం ఏది, నంబరు చెప్పండి” అన్న ప్రశ్నకి జవాబు రాకుండా అడ్వాన్స్ కట్టొద్దు.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు కార్డు కంపెనీకి ఫిర్యాదు చేసేటప్పుడు “టూర్ బాగోలేదు” అని రాయకండి, దాన్ని ఎవరూ పట్టించుకోరు. ప్రకటనలో ఏం ఇస్తామన్నారో, చేతికి ఏం వచ్చిందో పక్కపక్కన పెట్టి చూపించండి. గడువు ఉంటుంది, ఆలస్యం చేయొద్దు. మేము ప్రకటన స్క్రీన్‌షాట్ ముందే దాచుకోబట్టి సరిపోయింది, వాళ్లు తర్వాత ఆ వాక్యాలు మార్చేశారు. రిపోర్టు తాలూకు డబ్బు తాత్కాలికంగా వెనక్కి వచ్చింది, చిహ్నం, బిరుదుల డబ్బు ఇంకా నలుగుతోంది. మిగతా సొమ్ము కట్టాల్సిన తేదీ దగ్గర పడినవాళ్లుంటే, కట్టకముందే రిపోర్టు తెప్పించుకుని చూడండి. పూర్తి డబ్బు వచ్చాకే ఇస్తామంటే అక్కడితో ఆపేయండి.