పనస కర్ర కీబోర్డు: చెన్నైలో రెండు వానాకాలాల తర్వాత

ముందు స్పేస్ బార్ సంగతి. బొటనవేలు పడగానే చెక్కపెట్టె మూత మీద తట్టినట్టు మెత్తగా "టప్" అంటుంది. అల్యూమినియం కేసులో వినిపించే రేకుడబ్బా మోత లేదు. ఈ ఒక్క శబ్దం కోసమే దీన్ని ఇంకా బల్ల మీంచి తీయలేదు. వీణ కర్ర కదా, నాదం రాక ఏమవుతుందని మొదటి ఆర్నెల్లూ కనబడ్డవాళ్ళందరికీ చెప్పాను. అందులో సగమే నిజం.

అరవై శాతం లేఅవుట్ (నంబర్ల ప్యాడ్, బాణాల కీలు లేని చిన్న సైజు), స్విచ్‌లను పట్టి ఉంచే ఇత్తడి ప్లేట్, టంకం లేకుండా సాకెట్లలో స్విచ్‌లు మార్చుకోగల హాట్‌స్వాప్ పీసీబీ (సర్క్యూట్ బోర్డు): వీటిలో కొత్తేమీ లేదు. కేసు మాత్రం బొబ్బిలి వీణలకు వాడే పనస, అదీ చేవ భాగం. 300 × 108 మి.మీ. దిమ్మని సీఎన్‌సీలో (కంప్యూటర్ నడిపే కోత యంత్రం) తొలిపించి, అడుగు మందం 4 మి.మీ. ఉంచాను. ఒక్కసారే పూర్తిగా తొలిస్తే దిమ్మ దోనెలా వంగుతుంది. అన్ని వైపులా 3 మి.మీ. ఎక్కువ వదిలి, రెండు వారాలు గాలికి పెట్టి, ఆ తర్వాతే చివరి కోత కోయించాలి. అంత జాగ్రత్త పడీ స్క్రూల దగ్గర తప్పు చేశాను.

అడుగులో అయిదు ఇత్తడి ఇన్సర్టులు (స్క్రూ బిగే మర గొట్టాలు) ఎపాక్సీ జిగురుతో దించి, పీసీబీని 2 మి.మీ. (ఎం2) స్క్రూలతో బిర్రుగా బిగించాను. వేసవంతా బాగుంది. నవంబరులో ఎన్ కీ ఒకసారి నొక్కితే రెండు అక్షరాలు పడసాగాయి. స్విచ్ రెండుసార్లు మార్చాను. కీబోర్డుని నడిపే క్యూఎంకే సాఫ్ట్‌వేర్‌లో డీబౌన్స్ (స్విచ్ అదురుని లెక్కచేయకుండా ఆగే వ్యవధి) 5 మిల్లీసెకన్ల నుంచి 15కి పెంచాను. తగ్గినట్టే తగ్గి మళ్ళీ మొదలయ్యేది. చివరికి దుమ్ము దులుపుదామని ముందు వైపు స్క్రూ ఒకటి వదులు చేస్తే, "టిక్"మని బోర్డు పైకి లేచింది. ఆ క్షణం నుంచి రెండక్షరాలు లేవు.

వర్నియర్ పెడితే గుట్టు బయటపడింది. మే నెలలో ఏసీ గదిలో 107.6 మి.మీ. ఉన్న వెడల్పు, వానల్లో 108.5 అయింది. పొడవులో చెప్పుకోదగ్గ తేడా లేదు. చెక్క తేమ పీల్చి నారకు అడ్డంగా ఉబ్బుతుంది, నార వెంట దాదాపు పెరగదు. ఫైబర్‌గ్లాస్ పీసీబీకి ఈ బాధ లేదు. ముందు స్క్రూకీ వెనక స్క్రూకీ మధ్య దూరం ఇంచుమించు 57 మి.మీ., అంటే అక్కడే అర మిల్లీమీటరు పేచీ. పైన బోర్డు కదలనివ్వదు, కింద చెక్క ఆగదు. రెండూ కలిసి అప్పడంలా వంగితే సాకెట్లో స్విచ్ కాలు పట్టు తప్పింది.

ఆ ఒక్క స్క్రూ వదులు చేసి ఊరుకోవడం బద్ధకం. రోహిణికి రోళ్ళే పగులుతాయంటారు, 4 మి.మీ. పలక ఎంత? ఈసారి చెక్క కుంచించుకుపోబోతే మిగతా స్క్రూలు అడ్డుపడ్డాయి. ఒక ఇన్సర్టు దగ్గర మొదలై నార వెంట నాలుగు సెంటీమీటర్లు చీలింది.

చీలికలో పనస పొట్టు కూరి పలచటి సూపర్ గ్లూ పోశాను. యూఎస్‌బీ పోర్టుకు దగ్గరి స్క్రూ ఒక్కటే ఉంచి మిగతావి తీసేశాను. కేబుల్ గుచ్చేటప్పుడు పడే తోపుడుని అది కాస్తుంది. తక్కిన చోట్ల బోర్డు కింద కుక్కర్ గాస్కెట్ ముక్కలు, సెంటీమీటరు చొప్పున ఎనిమిది. తెల్ల సిలికాన్ గాస్కెట్టే తీసుకోండి. నల్ల రబ్బరులోని గంధకం ఇత్తడికి తగిలితే నల్లబరుస్తుంది. ముక్కల్ని సాకెట్ల కింద కాకుండా మధ్య ఖాళీల్లో పెట్టాలి. ఎత్తు ఇన్సర్టుతో సమంగా బ్లేడుతో చెక్కుకోవాలి, లేకపోతే స్పేస్ బార్ వైపు ఊగుతుంది. కేసు గోడలకీ ప్లేటుకీ మధ్య ముందూ వెనకా మిల్లీమీటరు ఖాళీ ఉండాలి. తక్కువైతే గరుకు కాగితంతో గోడే అరగదీయాలి.

పైన చెప్పిన "టప్" వచ్చింది ఈ మరమ్మతు తర్వాతే. అంతకుముందు ఉన్నది బాగానే ఉండేది గానీ, స్క్రూల గుండా బల్లకి దిగిపోయే చిన్న కటకట ఉండేది. వీణకి లోపల బోలుగా కుండ ఉంది, పైన పలచటి పలక ఉంది, తీగలున్నాయి. దీనికి అడుగున నాలుగు రబ్బరు కాళ్ళున్నాయి.

పూతకి అవిసె నూనె, మూడుసార్లు పట్టించాను. నూనె తుడిచిన గుడ్డని ఉండ చుట్టి పారేయకండి, తనంత తానే వేడెక్కి అంటుకోగలదు. నీళ్ళలో ముంచి విప్పి ఆరేయాలి. పసుపు పచ్చటి కర్ర వెలుతురికి ముదురు గోధుమ రంగుకి తిరిగింది. కేసు లోపల మాత్రం ఇంకా పసుపే.

రెండో వానాకాలం ఏ గొడవా లేకుండా గడిచింది. అయితే ఇది ఒకే బల్ల మీద కదలకుండా ఉండే కీబోర్డు. తలకిందులు చేస్తే ఒక్క స్క్రూ మీద బోర్డు ముందు వైపు వేలాడుతుంది కాబట్టి, సంచిలో వేసుకుని ఆఫీసుకి తిప్పేవాళ్ళకి చేయించుకోమని చెప్పలేను. మళ్ళీ చేయిస్తే పనసే తీసుకుంటాను, స్క్రూలు మాత్రం అడుగు కింద నుంచి వేయించి, పోర్టు దగ్గరిది తప్ప మిగతా రంధ్రాలు నారకు అడ్డంగా ఒక మిల్లీమీటరు నిడివిగా కోయిస్తాను.