‘ఐ ఆఫ్ ది నీడిల్’: మా పఠన బృందం ఏమనుకుంది

యుద్ధకాలపు గూఢచారి నవలలకు పుట్టుకతోనే ఒక చిక్కు ఉంటుంది. యుద్ధం ఎవరు గెలిచారో పాఠకుడికి ముందే తెలుసు. 1944 జూన్ 6న మిత్రరాజ్యాల సేనలు ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరంలో దిగాయనీ, ఆ తరువాత కూడా జర్మన్ సేనానులు అసలు దాడి అదే దేశంలోని కలే (Calais) రేవు ప్రాంతంలోనే జరుగుతుందని ఎదురుచూస్తూ ఉండిపోయారనీ రెండో ప్రపంచయుద్ధం గురించి కాస్త చదివినవారెవరైనా చెప్పగలరు. అలాంటప్పుడు, ఆ రహస్యాన్ని హిట్లర్‌కు చేరవేయడానికి బయలుదేరిన గూఢచారి కథ చదువుతూ మనం ఊపిరి బిగబట్టడం ఎలా సాధ్యమవుతుంది? కెన్ ఫాలెట్ 1978లో వెలువరించిన ‘ఐ ఆఫ్ ది నీడిల్’ను మా పఠన బృందం చర్చకు తీసుకున్నప్పుడు అందరికంటే ముందు ఈ సందేహం వెలిబుచ్చినది మాలోని విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయిని. పుస్తకం పూర్తిచేసి వచ్చిన తరువాత సమాధానం చెప్పినదీ ఆవిడే. నవల సగానికి వచ్చేసరికి తాను నార్మండీ సంగతే మరిచిపోయాననీ, ఉత్తర సముద్రంలోని ఒక దీవిలో, ఒంటరి ఇంట్లో ఉన్న ఒక స్త్రీ క్షేమం తప్ప మరేదీ తనకు పట్టలేదనీ ఆవిడ అన్నారు. నా అభిప్రాయమూ అదే.

కథ క్లుప్తంగా ఇది. ఇంగ్లండులో సామాన్య ఉద్యోగిలా బతుకుతున్న హెన్రీ ఫేబర్ నిజానికి జర్మన్ గూఢచారి. సన్నని బాకుతో చంపడం అలవాటు కాబట్టి అతనికి ‘సూది’ అన్న మారుపేరు వచ్చింది. తూర్పు ఇంగ్లండులో భారీ సైన్యం మోహరించి ఉందన్న వార్త నిజమో కాదో తేల్చే పని అతని మీద పడుతుంది. అతను అక్కడికి వెళ్లి చూసినది సైన్యం కాదు, సైన్యపు బొమ్మ. ఆ ఘట్టాన్ని రచయిత చాలా నిదానంగా రాశాడు. దూరం నుంచి బారులు తీరిన విమానాల్లా కనిపించినవి దగ్గరకు వెళితే పలక చెక్కతో చేసిన డొల్లలు. సైనికుల వసతిగృహాలకు కనబడే వైపు గోడలున్నాయి తప్ప లోపల ఏమీ లేదు. ఫేబర్ వాటిని ఫొటోలు తీసుకుంటాడు. అక్కడి నుంచి ఆ ఫిల్ము చుట్ట కథకు ప్రాణమవుతుంది. దానిని జర్మన్ జలాంతర్గామికి చేర్చడానికి అతను స్కాట్లండు తీరం నుంచి పడవలో బయలుదేరి, తుఫానులో చిక్కుకుని, ఒక చిన్న దీవికి కొట్టుకువస్తాడు.

ఈ నేపథ్యంలో కల్పన ఎంత, చరిత్ర ఎంత అన్నదాని మీద మా చర్చ చాలాసేపు సాగింది. అమెరికన్ సేనాని జనరల్ ప్యాటన్ నాయకత్వంలో ఉన్నట్టు ప్రచారం చేసిన ఆ ఉత్తుత్తి సైన్యం చరిత్రలో నిజంగా ఉన్న పథకమే. దాడి కలే వైపే వస్తుందని జర్మన్లను నమ్మించడానికి వేసిన ఆ పథకానికి ‘ఆపరేషన్ ఫార్టిట్యూడ్’ అని పేరు. నకిలీ నౌకలు, గాలితో నింపిన రబ్బరు ట్యాంకులు, లేని దళాల మధ్య నడిచినట్టు పుట్టించిన రేడియో సందేశాలు అందులో భాగాలు. అన్నిటికంటే ముఖ్యమైన భాగం, బ్రిటన్ చేతిలో ఉన్న జంట గూఢచారులు (డబుల్ ఏజెంట్లు). యుద్ధకాలంలో బ్రిటన్‌కు వచ్చిన జర్మన్ గూఢచారులను దాదాపు అందరినీ పట్టుకుని, పనికివచ్చినవారిని తమవైపు తిప్పుకుని, వారిచేతనే బెర్లిన్‌కు తప్పుడు వార్తలు పంపించారు. జంట గూఢచారుల్లో ఒకడైన హువాన్ పుజోల్ అనే స్పెయిన్ దేశీయుడు, తన కింద పనిచేస్తున్నట్టు 27 మంది ఊహా గూఢచారులను కల్పించి జర్మన్లను నమ్మించాడు. జర్మనీ అతనికి ఐరన్ క్రాస్ అనే సైనిక పతకం ఇచ్చింది. బ్రిటన్ కూడా పురస్కారమిచ్చింది. ఈ మహానాటకం వివరాలు ప్రజలకు తెలిసినది 1970ల తొలి సంవత్సరాలలోనే. ఫాలెట్ ఆ వేడి చల్లారకముందే కలం పట్టి, ‘పట్టుబడని గూఢచారి ఒక్కడంటే ఒక్కడు మిగిలి ఉంటే?’ అన్న ప్రశ్న వేసుకున్నాడు. ముప్పయ్యేళ్లు నిండని రచయిత చరిత్రలో అంత సరైన చోటు చూసి తన పాత్రను నిలబెట్టడం మెచ్చుకోవలసిన విషయం. ఫేబర్ లాంటివాడు ఎవరూ లేకపోవడం వల్లనే చరిత్ర అలా నడిచింది. ఒకడు ఉండి ఉంటే ఏమయ్యేదన్న భయం మీదే నవల మొత్తం నిలబడింది.

అభిప్రాయభేదాలు మొదలైనది ఫేబర్ దగ్గర. తొలి పుటల్లోనే ఒక హత్య ఉంది. వితంతువైన ఇంటి యజమానురాలు, అద్దెకుంటున్న ఈ మర్యాదస్తుడి మీద మనసుపడి, రాత్రివేళ తన దగ్గరున్న తాళంతో అతని గది తలుపు తీస్తుంది. ఆ సమయంలో అతను ట్రాన్స్‌మీటర్ ముందు కూర్చుని ఉంటాడు. ఆమె ఏం చూసిందో ఆమెకే పూర్తిగా అర్థమయ్యేలోపు ప్రాణం పోతుంది. డిటెక్టివ్ నవలలు అద్దెకు తెచ్చుకుని చదివిన తరానికి చెందిన ఒక పెద్దాయన, ఇంత నిర్దయుడితో మూడు వందల పుటలకు పైగా ప్రయాణం చేయించడం పాఠకుడికి అన్యాయమని వాదించారు. వయసులో చిన్నదైన ఒక సభ్యురాలు అందుకు ఒప్పుకోలేదు. హత్య చేసిన ప్రతిసారీ ఫేబర్‌కు కడుపులో తిప్పి వాంతి అవుతుందనీ, ఆ బలహీనత ఒక్కటే అతన్ని యంత్రం కాకుండా కాపాడిందనీ ఆమె చెప్పింది. నాకు ఆమె మాటే సబబుగా తోచింది. అతని మీద జాలి పుట్టించడానికి రచయిత ఎక్కడా ప్రయత్నించలేదు. అతని తెలివి మీద గౌరవం మాత్రం పుట్టించాడు. రైలులో టిక్కెట్టు అడిగినప్పుడు, దారిలో లిఫ్టు ఇచ్చినవారు మాటల్లో పెట్టినప్పుడు అతను ఎలా తప్పించుకుంటాడా అని మనం ఆలోచించడం మొదలుపెడతాం. తీరా అతను తప్పించుకున్నాక, మనం కోరుకున్నది దీన్నేనా అని మనసు చివుక్కుమంటుంది. ఈ ఇబ్బందిని కావాలనే కలిగించిన రచయితకు నేను పూర్తి మార్కులు వేస్తాను.

అతన్ని వెంటాడే ఇద్దరిలో ప్రొఫెసర్ గాడ్లిమన్ మాకందరికీ నచ్చాడు. మధ్యయుగ చరిత్ర చెప్పుకునే పండితుణ్ణి తీసుకువచ్చి గూఢచారుల వేటలో కూర్చోబెట్టడం మొదట వింతగా ఉంటుంది కానీ, చెదిరిన ఆధారాల నుంచి మనిషి జాడను ఊహించడం చరిత్రకారుడి పనే కదా అని మా ఉపాధ్యాయిని సంతోషంగా గుర్తుచేశారు. అతని సహచరుడైన పోలీసు అధికారి బ్లాగ్స్ భార్యను కోల్పోయిన భాగం చిన్నదే అయినా గుర్తుండిపోతుంది.

ఇక దీవి. పుస్తకానికి ఉన్న కీర్తి అంతా ఆ భాగం సంపాదించినదేనని నా నమ్మకం. అక్కడ కాపురముంటున్న లూసీ, డేవిడ్‌లది యుద్ధకాలపు పెళ్లి. పెళ్లినాడే జరిగిన కారు ప్రమాదంలో యుద్ధ విమాన చాలకుడైన డేవిడ్ రెండు కాళ్లూ కోల్పోతాడు. యుద్ధానికి వెళ్లలేకపోయానన్న అవమానం అతన్ని లోపల్లోపల కాలుస్తూ, భార్యకు దూరం చేస్తుంది. దూరమైన భర్త, గొర్రెలు, గాలి, ఒక ముసలి కాపరి, పసివాడైన కొడుకు జో తప్ప మరో తోడు లేని చోట లూసీ నాలుగేళ్లు గడుపుతుంది. అలాంటి ఇంటికి అలసి సొలసి కొట్టుకువచ్చిన అపరిచితుడు ఆమెతో మర్యాదగా మాట్లాడతాడు, ఆమె చెప్పేది వింటాడు. వారి మధ్య ఆకర్షణ పుట్టిన వేగం నమ్మదగినదేనా అన్నదానిమీద మా బృందం రెండుగా చీలిపోయింది. రెండు రోజుల్లో అంత దగ్గరితనం కథ అవసరం కోసం అల్లినదని కొందరు గట్టిగా చెప్పారు. నాలుగేళ్లుగా ఎవరూ తన ముఖంలోకి చూసి మాట్లాడని మనిషికి రెండు రోజులు తక్కువేమీ కావని మరికొందరు అన్నారు. శృంగార సన్నివేశాలు అవసరానికి మించి సాగాయన్న విషయంలో మాత్రం రెండు పక్షాలూ ఏకీభవించాయి, నేనూ ఏకీభవిస్తున్నాను.

కానీ అసలు పరీక్ష ఆ తరువాత వస్తుంది. నిజం తెలిసిపోయాక, ఏమీ తెలియనట్టు నటిస్తూ, బిడ్డను కాపాడుకుంటూ అదే ఇంట్లో అదే మనిషి ఎదుట ఆమె మసలవలసిన ఘట్టం ఉంది. అక్కడి నుంచి ముగింపు దాకా ఏం జరుగుతుందో చెప్పి చదవబోయేవారి అనుభవాన్ని పాడుచేయను. ఒక్క విషయం మాత్రం చెప్పాలి. ఇన్ని శాఖలు, ఇందరు అధికారులు, ఇన్ని నౌకలు, విమానాలు ఉండి కూడా చివరికి భారమంతా వచ్చి పడేది ఎవరి శిక్షణా పొందని ఒక గృహిణి మీద. ఆమె ధైర్యం ఆకాశం నుంచి ఊడిపడదు. అంతకుముందు నాలుగేళ్లు ఆ దీవిలో ఆమె ఒంటరిగా మోసిన పనుల నుంచే పుడుతుంది. 1970లలో వచ్చిన గూఢచారి నవలల్లో స్త్రీలకు సాధారణంగా దక్కిన స్థానం తెలిసినవారికి ఇది ఎంత పెద్ద మార్పో అర్థమవుతుంది.

ఈ సందర్భంలో విశాఖపట్నం నుంచి వచ్చిన సభ్యురాలు తమ ఇంటి సంగతి ఒకటి చెప్పారు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ, కాకినాడల మీద బాంబులు వేసిన తరువాత వాళ్ల అమ్మమ్మగారి కుటుంబం ఇల్లు వదిలి పల్లెకు వెళ్లిపోయిందట. అక్కడ కొంతకాలం కొత్త ముఖం కనిపిస్తే చాలు, గూఢచారేమోనని గుసగుసలు పోయేవారట. అపరిచితుడికి అన్నం పెట్టాలా, అనుమానించాలా అన్న లూసీ సమస్య తనకు పరాయిదిగా అనిపించలేదని ఆవిడ అన్నారు.

లోపాలు లేవని కాదు. హిట్లర్ కనిపించే పుటలు కథకు బరువు తెస్తాయని రచయిత అనుకుని ఉండవచ్చు కానీ, మాకు అవి బిగువును సడలించినట్టే అనిపించాయి. లండన్ కార్యాలయాల్లో జరిగే సంభాషణలు కొన్నిచోట్ల సమాచారం అందించడానికి మాత్రమే ఉన్నాయి. మొదటి యాభై పుటల్లో ఒకదానితో ఒకటి సంబంధం లేనట్టున్న మూడు కథలు మారి మారి వస్తాయి కాబట్టి పాత్రల పేర్లు కలగాపులగమయ్యే అవకాశం ఉంది. మాలో ఇద్దరు అక్కడే పుస్తకం పక్కన పెట్టేయబోయి, తోటివారు చెప్పగా కొనసాగించారు.

ఈ నవలకు 1979లో, నేర, రహస్య కథలకు ఇచ్చే ఎడ్గర్ పురస్కారం వచ్చింది. 1981లో డొనాల్డ్ సదర్లాండ్ ప్రధానపాత్రలో సినిమాగానూ వచ్చింది. సినిమా చూడాలనుకునేవారు పుస్తకం ముగించాకే చూడాలని మా అందరి మాట. భాష సరళం, వాక్యాలు చిన్నవి. ఆంగ్ల నవలలు అలవాటు లేని తెలుగు పాఠకులు కూడా నిఘంటువు అవసరం పెద్దగా లేకుండా చదువుకోగలరు. ఆబిడ్స్‌లో ఆదివారం పరిచే పాత పుస్తకాల మధ్య కొన్న ప్రతుల్లో అక్షరాలు బాగా చిన్నవిగా ఉన్నాయి కనుక, కళ్లకు ఇబ్బంది ఉన్నవారు ఈ-బుక్ తీసుకోవడం మేలు. హింస, శృంగారం మోతాదు దృష్ట్యా దీన్ని పెద్దలకే సిఫారసు చేస్తున్నాను. యుద్ధచరిత్ర మీద ఆసక్తి ఉన్నవారు నవల పూర్తయ్యాక పుజోల్ జీవితకథ కూడా వెదికి చదివితే, ఫాలెట్ ఎక్కడ చరిత్ర చేయి వదిలి కల్పన చేయి పట్టుకున్నాడో స్పష్టంగా తెలుస్తుంది.