బ్రిసిగెల్లా జిప్సం కొండలు: ఐదొందల మీటర్లే కదా అని వెళ్తే

ఇటలీలో బ్రిసిగెల్లా అనే చిన్న ఊరి దగ్గర జిప్సం కొండలున్నాయి, మ్యాప్‌లో చూస్తే అక్కడ అన్నిటికన్నా ఎత్తైన కొండ మోంతే మౌరో, అది 515 మీటర్లు. మ్యూనిక్ నుంచి వచ్చిన మా బావ ఆ నంబర్ చూసి "తిరుమల మెట్లెక్కినోళ్ళం, దీనికి రెండు రాత్రులు రూమెందుకురా, పొద్దున పోయి సాయంత్రానికి వచ్చేద్దాం" అన్నాడు. నా మాట విని రూమ్ తీసుకున్నాం కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ రాత్రి రైల్వే స్టేషన్ బెంచీ మీదే పడుకోవాల్సొచ్చేది.

నేనుండేది బొలోన్యాలో. ఫాయెంజా దాకా ఒక రైలు, అక్కడ ఫ్లోరెన్స్ వైపు కొండల్లోకి పోయే చిన్న రైలు ఎక్కితే పావుగంటలోపే బ్రిసిగెల్లా. స్టేషన్ నుంచి ఊళ్ళోకి నడిచిపోవచ్చు, కారు అక్కర్లేదు. కాకపోతే ఆదివారం రైళ్ళు తక్కువ, ఒకటి మిస్సయితే తర్వాతది ఎప్పుడో. పేపర్ టికెట్ కొంటే ఎక్కేముందు మెషీన్‌లో స్టాంప్ కొట్టించుకోవడం మర్చిపోవద్దు, మన కంగారు చూసి టీసీ జాలి పడడు.

స్టే సంగతి. మొదటి రాత్రి ఊరి బయట ఒక ఫార్మ్ స్టేలో ఉన్నాం, ఫోటోల్లో ఆలివ్ చెట్లు, స్విమ్మింగ్ పూల్, అబ్బో. తీరా పోయాక పూల్‌కి టార్పాలిన్ కప్పుంది, పైగా "హీటింగ్ చార్జి" అని బుకింగ్‌లో ఎక్కడా లేని పది యూరోలు తలకి వేశారు, అడిగితే ఏప్రిల్ కదా అన్నారు. రెండో రాత్రి ఊళ్ళోనే ఒక పెద్దావిడ ఇంటి పైగది, బాత్రూం ఇరుకు, లిఫ్ట్ లేదు, కానీ మా బూట్ల అవతారం చూసి ఒక్క మాట అనకుండా బకెట్, పాత బ్రష్షు తెచ్చిచ్చింది. నన్నడిగితే ఊళ్ళోనే ఉండండి, నడిచొచ్చిన కాళ్ళతో మళ్ళీ రెండు కిలోమీటర్లు చీకట్లో పోవడం నరకం.

ఊరు చిన్నదే, పైన మూడు గుట్టలు, ఒకదాని మీద కోట, ఒకదాని మీద గడియారం టవరు, ఒకదాని మీద చర్చి. టవరు మొదట 1290లో జిప్సం దిమ్మెలతో కట్టిందట, ఇప్పుడున్నది 1850లో మళ్ళీ కట్టింది. గడియారంలో పన్నెండు కాదు, ఆరు అంకెలే ఉంటాయి, అంటే మన లెక్కలో రెండు జాములకి ఒక చుట్టు. మా బావ దాన్ని చూసి టైము చెప్పబోయి రెండుసార్లు ఓడిపోయాడు. కోటని ఫాయెంజా పాలకులు మన్‌ఫ్రేది వాళ్ళు కట్టిస్తే, తర్వాత 1503 నుంచి 1509 దాకా ఏలిన వెనిస్ వాళ్ళు ఇంకో లావుపాటి బురుజు కలిపారు. నాకు మాత్రం అన్నిటికన్నా నచ్చింది గాడిదల వీధి. అది నేల మీద కాదు, ఇళ్ళ మొదటి అంతస్తు ఎత్తులో పోతుంది, పైన కప్పు, పక్కన ఒక్కోటి ఒక్కో సైజులో కమాను కిటికీలు. జిప్సం మోసే బండివాళ్ళు అక్కడే ఉండేవాళ్ళు, గాడిదల కొట్టాలు వీధిలోకే తెరుచుకునేవి, పైన వాళ్ళ కాపురాలు. నేల మీద ఇటుకలు మధ్యలో పల్లంగా అరిగిపోయున్నాయి, మడమ పెడితే సరిగ్గా ఆ గుంటలోకే జారుతుంది.

ఇక జిప్సం. మాది అనంతపురం వైపు, మాకు జిప్సం అంటే వేరుశనక్కాయ చేనుకి వేసే తెల్ల పొడి, అంతే. ఇక్కడ అదే జిప్సం కొండల వరసగా పాతిక కిలోమీటర్లు నిలబడి ఉంది, పేరు వేనా దెల్ జెస్సో. దాదాపు 60 లక్షల ఏళ్ళ కింద మధ్యధరా సముద్రానికి అట్లాంటిక్ నుంచి నీళ్ళొచ్చే దారి బాగా మూసుకుపోయింది, నీళ్ళు ఆవిరై ఉప్పు చిక్కబడి అడుగున జిప్సం పేరుకుంది, మళ్ళీ బంకమట్టి, మళ్ళీ జిప్సం, ఇట్లా పదహారు దాకా పొరలు. 2023లో యునెస్కో లిస్టులోకి ఎక్కింది. చర్చి వెనక మోంతిచీనో పాత క్వారీని ఓపెన్ మ్యూజియం చేశారు, అక్కడ గోడలో ఏటవాలుగా పడుకున్న జిప్సం పొరలు, వాటిని కోసుకుంటూ పైన ఇంకో కోణంలో పరుచుకున్న మట్టి పొరలు కళ్ళకి కట్టినట్టు కనిపిస్తాయి. అక్కడి పగుళ్ళలోనే 1985లో కోతి, హైనా, ఖడ్గమృగం లాంటి జంతువుల ఎముకలు దొరికాయి. జియాలజీ తెలియకపోయినా ఒక గంట కేటాయించండి, కోట కన్నా ఇదే వర్త్.

క్వారీ దాటాక ఎర్ర తెలుపు గుర్తులు పట్టుకుని కార్నే అడవిలోకి. మధ్యలో తనాచ్చా గుహ ఉంది, గైడుతోనే పంపిస్తారు, ముందే బుక్ చేసుకోవాలి, మేం చేసుకోలేదు, తప్పు మాదే. రొంతానా కొండ మీద బొలోన్యా యూనివర్సిటీ వాళ్ళు తవ్వి తీసిన మధ్యయుగపు కోట పునాదులున్నాయి, దాని మొండిగోడ పక్కన కూర్చుని పులిహోర తిన్నాం. అక్కణ్ణుంచి మోంతే మౌరో దాకా దిగడం ఎక్కడం, దిగడం ఎక్కడం, ఎత్తు తక్కువే గానీ కూడితే మోకాళ్ళు ఏడుస్తాయి, దారిలో మాకు ఒక్క కొళాయీ కనబడలేదు, మనిషికి రెండు లీటర్లు మోసుకెళ్ళండి. ఎండ పడితే కాలిబాటే తళతళ మెరుస్తుంది, అరచెయ్యంత స్ఫటికాలు, మన గూడూరు అభ్రకం లాగా పలకలుగా చీలతాయి. రోమన్లు వీటినే కిటికీలకి అద్దాల్లా పెట్టుకునేవాళ్ళు, అప్పటి గనులు ఈ కొండ దగ్గరే బయటపడ్డాయి. బావ ఒక ముక్క జేబులో వేసుకోబోతే వద్దని పెట్టించేశా, పార్కులోంచి రాయి తేకూడదు.

అసలు కష్టం తిరుగుదారిలో. లూప్ పూర్తి చెయ్యాలన్న పంతంతో కలాంకి మీదుగా దిగాం, అవి వానకి కోసుకుపోయిన బూడిదరంగు బంకమట్టి గట్లు, దూరం నుంచి ముడతలు పడ్డ ఏనుగు చర్మంలా ఉంటాయి. రెండు రోజుల ముందు వాన పడింది. నల్లరేగడిలో వాన తర్వాత నడిచినోళ్ళకి చెప్పక్కర్లేదు, అడుగడుక్కీ బూటు కిందో కేజీ మట్టి. మా బావ ఒక చోట కూర్చున్నట్టే జారి ఇరవై అడుగులు పోయాడు, ఆగాక "తిరుమలే నయంరా" అన్నాడు. రెండు కిలోమీటర్లకి గంటన్నర పట్టింది, ఇంటికొచ్చేసరికి ఫోన్‌లో 22 కిలోమీటర్లు, తొమ్మిదిన్నర గంటలు. వాన పడి మూడు నాలుగు రోజులు కాకపోతే ఆ దారి జోలికి పోకుండా, వెళ్ళిన దారినే వెనక్కి రండి.

రాత్రి స్క్వాక్వెరోనే అనే మెత్తటి చీజ్ పెట్టిన పియాదీనా తిన్నాం, మన మైదా రొట్టెకి చుట్టమే, ఆకలికి రెండేసి లాగించాం. కాకపోతే చాలా చోట్ల పియాదీనా పిండిలో పంది కొవ్వు కలుపుతారు, తినని వాళ్ళు ఆలివ్ నూనెది కావాలని అడగండి. మర్నాడు కుంటుకుంటూ థో చర్చి దాకా వెళ్ళాం, ఫాయెంజా నుంచి రోమన్ రోడ్డులో ఎనిమిదో మైలు దగ్గర కట్టింది, లోపల స్తంభాలు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉంటాయి, పాత రోమన్ కట్టడాల నుంచి తెచ్చి నిలబెట్టినవి.

ఈ ఊరి ఆలివ్ నూనెకి పెద్ద పేరు. బావ అర లీటరు సీసా కొన్నాడు గానీ ఫ్లైట్‌లో క్యాబిన్ బ్యాగు ఒక్కటే, తీసుకెళ్ళలేక నా దగ్గరే వదిలేశాడు. కొంచెం ఘాటు, గొంతులో చురుక్కుమంటుంది, ఆవకాయన్నంలో కలిపి చూశా, నెయ్యంత కాదు గానీ సీసా సగం అయిపోయింది, బావకి ఇంకా చెప్పలేదు.